మేక తగిలింది, తోలుకోండి

నా కోడలు మారెక్కకు కుడిచేయి మోచేతి కిందనుంచి లేదు. ఆసుపత్రిలో తీసేశారు. కంపెనీ పంపిన కాగితంలో మాత్రం ఆ రోజు మా చేలో షాక్ తగిలింది ఒక మేకకు. కాగితం మీద ముద్ర ఉంది, సంతకం ఉంది, మా స్తంభం నంబరు ఉంది. మేక రంగు రాయాల్సిన చోట ఖాళీగా వదిలేశారు.

ఆమెను మేక అన్న యంత్రానికి మనిషంటే ఏమిటో నేర్పినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అందుకే ఇది వేరేవాళ్లు చెప్తే కుదరదు.

నా పేరు వన్నూరప్ప. ముప్పై ఒక్క ఏళ్లు కరెంటు స్తంభాలు ఎక్కాను. హోదా హెల్పరు, అది కూడా కాంట్రాక్టు కింద. నేను పని మానేసిన ఏడాదే మా వైపు లైన్లన్నీ ఒక ప్రైవేటు కంపెనీ చేతికి పోయాయి. ఆ కంపెనీ పట్నం బయట మూతపడిన వేరుశనగ నూనె మిల్లును కొని దాంట్లో ప్రయోగశాల పెట్టింది. పాత హెల్పర్లు కావాలని కబురొస్తే పదకొండుమందిమి పోయాం. కూలి బాగుంది. భోజనం వాళ్లదే. అన్నిటికంటే మాకు నచ్చిందేమిటంటే, మమ్మల్ని లోపలికి పిలిచి కుర్చీల్లో కూర్చోబెట్టి మాట్లాడారు. ముప్పై ఏళ్లలో ఏ కరెంటు ఆఫీసులోనూ నేను కుర్చీలో కూర్చోలేదు.

అక్కడ పెద్ద డాక్టర్ యశోధర. మందులిచ్చే డాక్టరు కాదు, కరెంటు చదువు చదివిన డాక్టరు. నలభై ఏళ్లుంటాయి. మొదటి రోజే మాతో ఒక మాట చెప్పింది. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు వాళ్లమ్మ బట్టలారేసే తీగకు కరెంటు వచ్చి చనిపోయింది. మనిషి తగిలిందని తీగకు తెలిసి ఉంటే తనంతట తానే ఆగేది కదా, వాళ్లమ్మ ఉండేది కదా అని అప్పటినుంచీ అదే ఆలోచనట. ఆమె చేసిన పెట్టె టిఫిన్ క్యారియరంత ఉంటుంది. స్తంభానికి ఒకటి తగిలిస్తే చాలు. తీగకు కొమ్మ తగిలిందా, పిట్ట తగిలిందా, మనిషి తగిలాడా అన్నది కన్ను మూసి తెరిచేలోపు కనిపెడుతుంది. మనిషైతే ఆ క్షణమే కరెంటు ఆపేస్తుంది. దానికి ఎరుక పెట్టె అని పేరు పెట్టింది.

కనిపెట్టాలంటే ముందు దానికి నేర్పాలి. మిల్లులో నూనె పీపాలుండే చోట తడి ఇసుక పరిచారు. పైన ఒక తీగ. దాంట్లో చీమ కుట్టినంత కరెంటు. చెప్పులు విడిచి ఇసుకలో నిలబడి, ఆమె చెప్పినప్పుడల్లా తీగను తాకాలి. మా అలవాటు ప్రకారం మేం తాకాం. తడి చేత్తో, పొడి చేత్తో, చెమట చేత్తో. పొద్దునొకసారి, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకసారి. మూడు నెలలు. మొదట్లో పెట్టె ఏమీ పలికేది కాదు. తర్వాత్తర్వాత చేయి పెట్టగానే లోపలినుంచి ఒక ఆడగొంతు 'మనిషి' అనేది. మొదటిసారి నన్ను మనిషి అన్నప్పుడు అందరం చప్పట్లు కొట్టాం. నా ముఖం చూసి మేడం నవ్వింది కూడా.

మేకల సంగతి వేరు. మేకకు తీగ తాకమని చెప్తే తాకదు. అందుకని దాని ముందుకాలికి రాగి కడియం బిగించి, తీగకు కలిపి, కాసేపు అలాగే ఉంచేవాళ్లు. పెట్టె 'మేక' అనేది. దూడలకూ అంతే. పని అయ్యాక మేం వాటికి మల్బరీ ఆకు పెట్టేవాళ్లం. చివరి రోజు ఒక కాగితం మీద మా అందరి వేలిముద్రలు తీసుకున్నారు. ఏం రాశారని అడిగితే, తీగను సహజంగా తాకామని రాశామన్నారు. నిజమే కదా అని వేశాను.

ఏడాది తిరిగేసరికి స్తంభానికొక పెట్టె వచ్చింది. లైన్‌మన్లను తీసేశారు. దాంతోపాటు ఒక కొత్త రూలు కూడా వచ్చింది. ఎవరికి ఏం తగిలిందో పెట్టె చెప్పిందే సాక్ష్యం. దానిమీద ఇంకో సాక్ష్యం చెల్లదు. అప్పుడు ఆ రూలు గురించి మాకెవరికీ పట్టలేదు. మోటార్లు తిరుగుతున్నాయి, కరెంటు పోవడం లేదు, ఊరంతా కంపెనీని మెచ్చుకుంది. నేను కూడా రచ్చకట్ట మీద కూర్చొని, ఆ పెట్టెకు నేర్పింది మేమే అని గొప్పలు పోయాను.

పోయిన వానాకాలం మా పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచాయి. అంటే నాలుగోసారి కుబుసం విడిచాయి. ఇక గూడు కట్టేదాకా వాటికి తినడమే పని. ఆ వారం ఆకు తప్పితే పంట పోయినట్టే. పొద్దున తొమ్మిదింటికి మారెక్క కొడవలి తీసుకొని మల్బరీ చేలోకి దిగింది. నా కొడుకు ఓబులేసు షెడ్డులో పురుగులకు మేత వేస్తున్నాడు. నేను గట్టు మీద చెక్కపీట వేసుకొని, మోపులు కట్టడానికి నార చీలుస్తున్నాను.

ముందురోజు వాన పడింది. మారెక్క ఆకు మోపు నెత్తిన పెట్టుకొని గట్టు ఎక్కబోయి జారింది. జారినవాళ్లు చేతికి అందింది పట్టుకుంటారు. పక్కనే స్టే వైరు ఉంది. స్తంభం ఒరిగిపోకుండా నేలకు వాలుగా లాగి కట్టే తీగ అది. దాన్ని పట్టుకుంది.

దాంట్లో కరెంటు ఉండకూడదు. పైన లైను తీగ దేనికీ అంటకుండా పట్టి ఉంచే పింగాణీ పగిలి, లైను తీగ జారి దానికి ఆనుకొని ఉంది. స్తంభం మీద చిటపటమంటోందని రెండు నెలల ముందే ఓబులేసు కంపెనీకి ఫోన్ చేసి చెప్పాడు. ఇప్పుడు మనుషులెవరూ రారు, ఏదైనా ఉంటే పెట్టే చూసుకుంటుంది అన్నారట.

మారెక్క అరవలేదు. కరెంటు పట్టుకున్నవాళ్లు అరవలేరు. మోపు పడిపోయింది. ఒళ్లు విల్లులా వంగింది. వేళ్లు తీగను ఇంకా ఇంకా బిగించాయి. తలెత్తి చూస్తే పెట్టె మీద పసుపు దీపం వెలుగుతోంది. ప్రయోగశాలలో విన్న అదే ఆడగొంతు, తియ్యగా, ఏ తొందరా లేకుండా పలికింది.

"మేక తగిలింది, తోలుకోండి."

నేను పీట తీసుకొని పరుగెత్తాను. ఈ వయసులో అది పరుగు కూడా కాదు. పెట్టె రెండోసారి అదే మాట అంది. చెక్కపీటతో ఆమె మణికట్టు మీద కొట్టాను. ఊడలేదు. మూడోసారి అంది. మళ్లీ కొట్టాను. ఊడి బురదలో పడింది. దీపం ఆరిపోయింది. ఆ గొంతు ఇంకేమీ మాట్లాడలేదు.

పదకొండో రోజు ఆసుపత్రిలో ఉండగా కాగితం వచ్చింది. మేక ఖరీదు మంజూరైందని రాసి ఉంది. మా మనవరాలు చదివి వినిపిస్తుంటే పక్క మంచం వాళ్లు కూడా లేచి కూర్చున్నారు. ఓబులేసు ఆ కాగితం లాక్కొని చింపబోయాడు. ఆ ఆఫీసుకు నిప్పు పెడతానని లేచాడు. మారెక్క కట్టు కట్టిన చేతివైపు చూడకుండా, ఎడమచేయి చాపింది.

"నువ్వు నిప్పు పెడ్తే జైల్లో ఉంటావు. నేను మేకగానే ఉంటా. ఇట్లియ్యి. దీన్ని దిద్దియ్యాల."

అప్పటినుంచీ ఆమెకు అదే పని. కంపెనీ ఆఫీసుకు నాలుగుసార్లు పోయాం. కౌంటరులో పిల్ల మర్యాదగానే మాట్లాడింది. తెర మీద మా స్తంభం చూపించింది. ఆ రోజు ఆ టైముకు మేక అని ఉంది, మనిషి అని లేదు, నేనేం చేయను అంది. మారెక్క తన చేతిని కౌంటరు మీద పెట్టింది. ఆ పిల్ల ముఖం పక్కకు తిప్పుకొని, మేక ఖరీదు చాలకపోతే అర్జీ పెట్టుకోవచ్చు అంది. ఆ మాట అన్నందుకు ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. ఆ మాట ఆ పిల్ల నోట్లో పెట్టినవాళ్ల మీద వచ్చింది. ఇప్పటికీ ఉంది.

లాయరు దస్తగిరి మా పక్క మండలం మనిషి. బక్కగా, ఎప్పుడూ దగ్గుతూ ఉంటాడు. కాగితం రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. పాత చట్టం ఏమిటో ముందు చెప్పాడు. కరెంటులాంటి ప్రాణం తీసే వస్తువును ఊళ్ల మీదుగా లాగినవాడే దానికి పూచీ. వాడి తప్పు ఉన్నా లేకపోయినా, జరిగిన నష్టానికి వాడే జవాబు చెప్పాలి. తప్పు ఎవరిదో బాధపడినవాళ్లు నిరూపించాల్సిన పని లేదు. ఆ చట్టాన్ని ఎవరూ కొట్టేయలేదు. కొత్త రూలు దాని మెడ మాత్రం పిసికింది.

"చూడు వన్నూరప్పా, వీళ్ల తెలివి. మనిషైతే కరెంటు ఆగిపోతాది, గాయం కాదు. గాయమైందంటే కరెంటు ఆగలేదు, అంటే మనిషి కాదు. ఇంగ ఈ భూమ్మీద కరెంటు షాక్ తగిలిన మనిషనేవాడే లేడు. ఎవనికి పరిహారమిస్తారు?"

మారెక్క అడిగింది, ఆ పెట్టె తప్పు చెప్పిందని రుజువు చేస్తే ఏమవుతుందని. చేస్తే మొత్తం కూలిపోతుందన్నాడు దస్తగిరి. వేరే సాక్ష్యం చెల్లదు గానీ పెట్టెనే పరీక్షించమని జిల్లా విచారణాధికారిని అడగొచ్చు, అర్జీ వేస్తానన్నాడు. రుజువు ఎట్లా చేయాలో మాత్రం తనకు తెలియదన్నాడు. నాకు తెలుస్తుందేమోనని మర్నాడే బస్సెక్కి నూనె మిల్లుకు పోయాను.

యశోధర మేడం నన్ను గుర్తుపట్టింది. విషయం చెప్పాను. ఆమె ముఖంలో రంగు పోయింది గానీ, ఆశ్చర్యం మాత్రం కనిపించలేదు. అది నేను గమనించాను. మా పెట్టెకు మనిషెందుకు మేకలా కనిపించాడో చూపించమన్నాను. మా మూడు నెలల పని అంతా వీడియో తీసి దాచిపెట్టారట. తెర మీద వేసింది.

ముందు నా చేయి వచ్చింది. తర్వాత కొండప్పది. తర్వాత మహబూబ్‌ది. పదకొండు చేతులు. చీర అంచు నోట్లో పెట్టుకొని ఆమె చూస్తోంది. నేనూ చూస్తున్నాను. నాలుగో చేతికి నాకు అర్థమైంది.

మాలో ఒక్కడు కూడా అరచేత్తో తీగను తాకలేదు.

లైను మీద పనిచేసేవాడు దేన్నీ అరచేత్తో ముట్టుకోడు. కరెంటు ఉందో లేదో అనుమానముంటే చేతి వెనకవైపు తగిలిస్తాడు. కరెంటు తగిలితే వేళ్లు లోపలికి ముడుచుకుంటాయి. వెనకవైపు తగిలిస్తే చేయి దానంతట అదే పక్కకు పోతుంది. అరచేత్తో పట్టుకుంటే పిడికిలి బిగుసుకొని ఇక ఊడదు. మొదటి రోజు మేస్త్రీ నేర్పేది అదే. అది చదువు కాదు, ఒంటికి పట్టిన పని. తాకండి అంటే మేం అట్లే తాకాం. తడి చేత్తో, పొడి చేత్తో, చెమట చేత్తో, వెనకవైపు, తగిలీ తగలనట్టు. పెట్టె దాన్నే మనిషి అని నేర్చుకుంది. మేకలకేమో బిగించిన కడియం, తడి నేల, వదలని పట్టు. జారి తీగ పట్టుకున్న ఆడమనిషి పిడికిలి ఆ పెట్టెకు కడియం బిగించిన మేక కాలు.

పదకొండుమంది ముసలోళ్లం కలిసి ఆ పెట్టెకు మనుషుల్ని కాదు, హెల్పర్లను నేర్పాం.

మేడం మెల్లగా చెప్పింది, మీరు అలా తాకడం చూసి అప్పుడే అడిగాను, తాకడమంటే ఇదే మేడం అని మీరే అన్నారు అని. అన్నాను. ఛాతీ విరుచుకొని అన్నాను. అది నాకు గుర్తుంది. కానీ నా కోపం ఆగలేదు.

"మీయమ్మ ఆ బట్టల తీగను ఎట్ల తాకిందమ్మా?"

ఆమె తెర ఆపేసింది.

"పట్టుకుంది," అంది.

అప్పుడు ఆమె ఇంకొకటి చూపించింది. ఆ ఏడాది అన్ని ఊళ్లలో కలిపి పెట్టెలు నలభై మూడు మేకల్ని లెక్కించాయి. పెట్టెలు పెట్టకముందు ఏడాదికి ఏడెనిమిది మేకలకు మించి తగిలేవి కావు. మేకలెందుకు ఇంతగా పెరిగాయని ఆమెకు అనుమానం వచ్చింది. ఎవర్నీ అడగలేదు. ఎందుకడగలేదంటే, అడిగితే ఏం జవాబు వస్తుందో తెలుసు కాబట్టి. నేను లేచి బయటికి వచ్చేశాను. గేటు దాకా వెంట వచ్చి, మీరు ఈ సంగతి విచారణలో చెబితే కంపెనీ ఆ వేలిముద్ర కాగితం తీసి బాధ్యత మొత్తం మీమీద వేస్తుంది, ఆలోచించుకోండి అంది. బెదిరింపుగా అనలేదు. అయినా నాకు ఒళ్లు మండింది.

ఇంటికొచ్చేసరికి మారెక్క షెడ్డులో ఉంది. కొత్త పురుగులు. ఎడమచేత్తో ఆకు చల్లడం ఇంకా అలవాటు కాలేదు. ఒకచోట కుప్పగా పడుతోంది, ఒకచోట అసలు పడటం లేదు. కుప్ప పడిన చోట ఆకు సర్దుతూ నిలబడి మొత్తం చెప్పాను. వెనకవైపు తాకడం, కడియం, వేలిముద్ర. ఓబులేసు వింటూ వింటూ గోడకు తల ఆనించాడు. నాన్నా, చెప్తే నిన్ను పట్టుకుంటారు, చెప్పకపోతే దీన్ని మేక అంటారు, ఏం చేసేది అన్నాడు. నాకూ అదే భయం. ఆ భయం సిగ్గులేకుండా నా గొంతులోకి వచ్చింది కూడా. వేరే దారేమైనా ఉందేమో దస్తగిరిని అడుగుదామా అన్నాను.

మారెక్క ఆకు బుట్ట కింద పెట్టింది.

"మామా, నీమీద నాకు కోపముండాది. అది ఇంట్లో తేల్చుకుందాం. ముందు ఆడికి పోయి ఉన్నదున్నట్టు చెప్పు."

విచారణ జిల్లా కేంద్రంలో, మేడ మీద ఒక పొడుగాటి గదిలో జరిగింది. విచారణాధికారి పెద్దాయన. కళ్లు సగం మూసుకొని వింటాడు, నిద్రపోతున్నాడనిపిస్తుంది. కంపెనీ లాయరు నల్లకోటు నలగకుండా కూర్చున్నాడు. నేను బోనులో నిలబడి అంతా చెప్పాను. మా మాట నిదానం. మధ్యలో ఆ లాయరు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. నేను అయిపోయిందనగానే లేచి, అనుకున్నట్టే వేలిముద్ర కాగితం తీశాడు.

"తీగను సహజంగా తాకానని ముద్ర వేసింది మీరేనా?"

"నేనే."

"అది సహజం కాదని ఇప్పుడు మీరే చెబుతున్నారు. అంటే యంత్రానికి తప్పు నేర్పింది మీరు. మీ కోడలి చేయి పోవడానికి బాధ్యులు మీరు. కంపెనీ కాదు."

గదిలో అందరూ నావైపు చూశారు. ఆ క్షణంలో నాకు అబద్ధమాడాలనిపించలేదు గానీ, నేల చీలి నేను దాంట్లో పడిపోతే బాగుండుననిపించింది. దస్తగిరి లేచి, దగ్గు ఆపుకొని, ముందు ఆ యంత్రం నిజంగా ఏమంటుందో అందరం చూద్దాం అన్నాడు. పెట్టె తెప్పించమని అంతకు ముందే అర్జీ పెట్టాడు. యశోధర మేడమే తీసుకొచ్చింది. ఒక ట్రేలో తడి ఇసుక, రెండు కొయ్యలు, మధ్యలో తీగ, చీమ కుట్టినంత కరెంటు.

నేను చెప్పులు విడిచి నిలబడి చేతి వెనకవైపు తగిలించాను. మనిషి అంది. తర్వాత పిడికిలి బిగించి పట్టుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్లలో అట్లా పట్టుకోవడం అదే మొదటిసారి. నా చేయి ఒప్పుకోలేదు. బలవంతాన బిగించాను.

"మేక తగిలింది, తోలుకోండి."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మారెక్క వెనక్కి తిరిగి చూసింది. ఆ నవ్వు ఆగిపోయింది. కంపెనీ లాయరు తొందరగా లేచి, ఇతను శిక్షణ పొందినవాడు, కావాలని ఏదో చేసి ఉంటాడు అన్నాడు. అయితే మీరు పట్టుకోండి అన్నాడు దస్తగిరి. ఆయన పట్టుకోలేదు. తన హోదాకు అది తగదన్నాడు. పక్కన కూర్చున్న కంపెనీ పెద్ద ఇంజనీరు వైపు చూశాడు. ఆ ఇంజనీరు తన ఫోన్ వైపు చూశాడు.

అప్పుడు విచారణాధికారి కళ్లు పూర్తిగా తెరిచాడు. వేదిక మెట్లు దిగి వచ్చాడు. బూట్లు విప్పాడు. మేజోళ్లు కూడా తీసి కుర్చీ మీద పెట్టాడు. తడి ఇసుకలో నిలబడి, ఎంత కరెంటు అని మేడాన్ని అడిగాడు. చీమ కుట్టినంతే సార్ అంది. పట్టుకున్నాడు.

పెట్టె ఆయన్ని మేక అంది. తోలుకోమంది.

ఎవరూ నవ్వలేదు. ఆయన తీగ వదల్లేదు. ఇంకోసారి చెబుతుందా అని అడిగాడు. వదిలేదాకా చెబుతుంది సార్ అంది ఆమె. ఆయన అట్లాగే నిలబడి మూడుసార్లు విన్నాడు. తర్వాత కాళ్లు తుడుచుకొని పైకెక్కి కూర్చున్నాడు.

అయినా కంపెనీ లాయరు తగ్గలేదు. యంత్రం పొరపాటు పడిందని ఒప్పుకుంటాం, పొరపాటు నేర్పినవాడు ఎదురుగా ఉన్నాడు, ముద్ర ఉంది, అంతే కదా అన్నాడు. ఆయన చెప్పేది వింటే నాకే నిజమనిపించింది. దస్తగిరి కాగితాలు తిరగేస్తున్నాడు. అప్పుడు మారెక్క లేచింది. ఆమెను ఎవరూ పిలవలేదు.

"సారూ, నేనొకమాట అడగల్ల. నన్ను మేకనే అనుకోండి. మా మామ నేర్పింది తప్పే అనుకోండి. మేక తగిలిందని దానికి తెలిసింది గదా. నోరు తెరిచి మూడుసార్లు చెప్పింది గదా. ఒక ప్రాణం తగులుకోనుండాదని తెలిసినాంక కరెంటు యాల ఆపలేదు?"

కంపెనీ లాయరు ప్రతి జంతువుకూ ఆపుతూ పోతే అని ఏదో మొదలుపెట్టాడు. విచారణాధికారి ఆయన్ని కూర్చోమన్నాడు. అడిగింది ఎవరైనా జవాబు మాత్రం కావాలన్నాడు. ఆయన చూపు పెట్టె దగ్గర నిలబడిన యశోధర మేడం మీద ఆగింది.

ఆమె ఇంజనీరు వైపు చూడలేదు.

"మొదటి పెట్టె ప్రాణమున్న దేనికైనా ఆగేది సార్. పిట్టకైనా, తొండకైనా. ఊళ్లలో పెట్టకముందు పట్నం ఫ్యాక్టరీల లైను మీద ఎనిమిది నెలలు అలాగే నడిపాం. లైను రోజుకు పాతికసార్లు ఆగుతోంది, ఫ్యాక్టరీలు ఊరుకోవడం లేదని పైనుంచి ఉత్తరం వచ్చింది. మనిషికి తప్ప దేనికీ ఆపొద్దని. మార్చింది నేనే. ఉత్తరం నా దగ్గరుంది."

సంచీలోంచి తీసి ఇచ్చింది. ఆ సాయంత్రమే ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారని తర్వాత తెలిసింది. పాపం అనుకోవడానికి నాకు ఇంకా మనసు రావడం లేదు. నలభై మూడు దాకా లెక్కపెట్టి నోరు మూసుకున్న మనిషి ఆమె. కానీ ఆ ఉత్తరం దాచిపెట్టుకోకుండా ఇచ్చింది. అది కూడా నిజమే.

పందొమ్మిది రోజులకు తీర్పు వచ్చింది. దస్తగిరి మా ఇంటి అరుగు మీద కూర్చొని చదివాడు. ప్రమాదకరమైన కరెంటును జనం మధ్యలోకి తెచ్చినవాడే పూచీ. ఆ పూచీని యంత్రం మీదికి గానీ, కూలికి చేయి ఇచ్చిన ముసలివాడి వేలిముద్ర మీదికి గానీ నెట్టడానికి వీల్లేదు. పగిలిన పింగాణీ గురించి చెప్పినా పట్టించుకోకపోవడం వేరే తప్పు. తగులుకున్నది ప్రాణమని తెలిసి కరెంటు ఆపకపోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. మారెక్కకు పరిహారం, కృత్రిమ చేయి, బతికినంతకాలం పింఛను కంపెనీయే ఇవ్వాలి. ఆ నలభై మూడు కేసులూ మళ్లీ తెరిచి, ఇల్లిల్లూ తిరిగి విచారించాలి. పది రోజుల్లోపు అన్ని పెట్టెలూ మొదట్లో ఉన్నట్టు మార్చాలి, ఏ ప్రాణం తగిలినా ఆగాలి.

దిద్దిన కాగితం కూడా పంపారు. మేక అన్నచోట మనిషి అని ఉంది. మారెక్క దాన్ని నా మనవరాలి చేత రెండుసార్లు చదివించుకుంది. ట్రంకులో పెట్టి తాళం వేసింది. ఇక మన సంగతి అన్నాను నేను. నీమీద కోపం పోలేదు మామా అంది. పోకూడదులే అన్నాను. అంతటితో తేలింది.

తీర్పు వచ్చిన పదో రోజునుంచి మా ఊళ్లో కరెంటు గంటకు రెండుసార్లు ఆగడం మొదలైంది. ఉడుత తగిలినా ఆగుతుంది, కాకి రెక్క తగిలినా ఆగుతుంది. మూడు నిమిషాలాగి మళ్లీ వస్తుంది. ఆగినప్పుడల్లా మోటారు దగ్గరికి పోయి మళ్లీ వేయాలి. టమాటా చేలకు నీళ్లు చాలడం లేదు. రచ్చకట్ట మీద మా ఇంటి పేరెత్తి మాట్లాడుకుంటున్నారని తెలుస్తూనే ఉంది. పక్క చేను సుంకన్న ఒకరోజు పొద్దున్నే నేరుగా మా మల్బరీలోకే వచ్చాడు. మంచోడే. మారెక్కను ఆసుపత్రికి తన ట్రాక్టరులో తీసుకుపోయింది అతనే.

"ఏమ్మా మారెక్కా, నీకు రావాల్సింది వచ్చింది. నీ ఒక్క చేతి కోసరం మా చేన్లన్నీ ఎండల్నా?"

మారెక్క కొడవలి ఎడమచేత్తోనే పట్టుకొని ఉంది. నేను ఆమె కోసే కొమ్మల్ని కూడగట్టి పట్టుకున్నాను. ఇప్పుడు మా పని అట్లా నడుస్తోంది, ఆమె కోస్తే నేను పడతాను. ఆమెకు కోపమొచ్చిందని నాకు తెలుసు, కానీ గొంతు పెంచలేదు.

"అన్నా, నువ్వూ జారతావు ఒకనాడు. నీ పెండ్లామూ జారతాది. పట్టుకునేది అరచేత్తోనే. అప్పుడు ఆగల్నా వద్దా? వద్దంటే చెప్పు, కంపెనీకి నేనే రాసిస్తా."

అతను గట్టు దిగి తన చేలోకి పోయాడు.

మేం మళ్లీ పనిలో పడ్డాం. ఇంకో అరగంటకు సుంకన్న బోరు మోటారు టక్కున ఆగింది, మాదీ ఆగింది. చేలన్నీ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయాయి. అవతలి గట్టు నుంచి సుంకన్న కరెంటును ఎప్పటిలాగే తిట్టడం మొదలుపెట్టాడు. సగంలో ఆపేశాడు. తల పైకెత్తి తీగల వెంబడే ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి, ఊరి వైపు, చాలా దూరం చూశాడు. చుట్టుపక్కల చేలల్లో వంగి పనిచేస్తున్న ఆడవాళ్లు కూడా ఒక్కొక్కరే లేచి నిలబడి చూస్తున్నారు. ఎవరు తగిలారో, ఏది తగిలిందో ఎవరికీ తెలియదు.

మూడు నిమిషాలు ఎవరూ పని ముట్టుకోలేదు.